పలకరింపుకీ ఒక పద్ధతుంది

ఈ నెల ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి అడిగాయి. ప్రమాదమో, తుపానో, అత్యాచారమో, అకాల మరణమో చూసి దెబ్బతిన్న మనిషి దగ్గర ఎలా మసలుకోవాలి? పేర్లు వెయ్యొద్దని దాదాపు అందరూ కోరారు. ఊళ్ళు మాత్రం ఉంచాం.

మా వీధిలో ఒకావిడ కొడుకు సూరత్ మరమగ్గాల పనికి వెళ్ళి అక్కడే కరెంటు షాక్‌తో పోయాడు. శవం వచ్చిన దగ్గర్నుంచి పలకరింపుకి వచ్చిన ప్రతివాళ్ళూ "ఎలా జరిగిందమ్మా?" అనే అడుగుతున్నారు. ఆవిడ రోజుకి పదిసార్లు మొదటినుంచీ చెప్తోంది. సాయంత్రమయ్యేసరికి నోట మాట రావట్లేదు. వెళ్ళకపోతే తప్పు, వెళ్తే ఇదీ వరస. — గృహిణి, బరంపురం

వెళ్ళండి. పెద్ద దెబ్బ తిన్నాక ఎవరు కోలుకుంటారు, ఎవరు కుంగిపోతారు అని చూసిన పరిశోధనల్లో ఒక విషయం మళ్ళీ మళ్ళీ తేలింది. ఆ తర్వాత చుట్టూ మనుషులు ఉన్నారా లేదా అన్నది చాలా పెద్ద తేడా చేస్తుంది. కాబట్టి మానెయ్యాల్సింది వెళ్ళడం కాదు, ఆ ప్రశ్న.

బాధ చెప్పుకుంటే తగ్గుతుందని మనవాళ్ళు అనేది అబద్ధం కాదు. కాకపోతే ఎప్పుడు చెప్పాలి, ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చెప్పి ఆపాలి అన్నవి ఆమె చేతిలో ఉండాలి. మన పలకరింపులో ఆ మూడూ వచ్చినవాళ్ళ చేతిలోకి పోతున్నాయి. ఒకప్పుడు పెద్ద ప్రమాదాల తర్వాత మానసిక నిపుణులు కూడా బాధితులందర్నీ కూర్చోబెట్టి జరిగింది పూసగుచ్చినట్టు చెప్పించేవారు. దానివల్ల మేలు జరగకపోగా కొందరికి చెరుపు కూడా జరిగిందని తేలింది, ఆ పద్ధతి ఇప్పుడు వద్దంటున్నారు. దాని బదులు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మూడు మాటల్లో ఉంటుంది: చూడు, విను, కలుపు. అవసరం ఏమిటో చూడు, చెప్తే విను, సాయం చేయగలవాళ్ళతో కలుపు. తవ్వి అడగమని అందులో ఎక్కడా లేదు.

ముందు గుమ్మం దగ్గర ఏర్పాటు చెయ్యండి. పెదనాన్న కొడుకో, మేనమామో ఒకరు అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ళకి అక్కడే చెప్పెయ్యాలి: "మిషన్ దగ్గర షాక్ కొట్టింది. ఆదివారం తెచ్చాం. లోపల వదినని ఏమీ అడక్కండి, పక్కన కూర్చుంటే చాలు." ఈ నాలుగు మాటలతో ఆమె మీద పడే భారం చాలావరకు అరుగు మీదే ఆగిపోతుంది. ఆ మనిషిని రెండు మూడు గంటలకోసారి మార్చండి, లేకపోతే ఆయనా డస్సిపోతాడు.

లోపలికి వెళ్ళాక ఆవిడ కింద కూర్చుంటే మీరూ కిందే కూర్చోండి. ఎదురుగా కాదు, కాస్త పక్కగా. ఆమెకీ ద్వారానికీ మధ్య అడ్డంగా కూర్చోవద్దు. భయపడ్డ ఒళ్ళు బయటికి దారి ఎక్కడుందా అని తనకి తెలియకుండానే వెతుక్కుంటుంది. "పిన్నీ, నేను పక్కింటి దాన్ని. వినగానే వచ్చాను" అని చెప్పి ఊరుకోండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఏడవకపోతే ఏడిపించే ప్రయత్నం చెయ్యొద్దు. కన్నీళ్ళు రానంత మాత్రాన ఆమెకి బాధ లేదని కాదు, కొందరికి మొదటి రోజుల్లో మనసు మొద్దుబారిపోతుంది. చెయ్యి పట్టుకోవాలనిపిస్తే మీ చెయ్యి దగ్గర్లో పెట్టండి, పట్టుకోవడమో మానడమో ఆమె చూసుకుంటుంది. పది పదిహేను నిమిషాలు చాలు. లేచేముందు "వెళ్ళొస్తాను" అనే అలవాటు మాట అక్కడ మింగెయ్యడం మన పెద్దలకి తెలిసిందే.

"ఇంకో కొడుకున్నాడుగా", "దేవుడికి మంచివాళ్ళే కావాలి", "మా తమ్ముడిది ఇంతకన్నా ఘోరం" అన్నవి సర్దిచెప్పాలని అనే మాటలే. ఆమెకి మాత్రం "నీ దుఃఖం కాస్త తగ్గించుకో" అని వినిపిస్తాయి. ఫోన్లో ప్రమాదం వీడియో తిరుగుతుంటే ఆ గుమ్మం దగ్గరి మనిషే ఆపించాలి.

భోజనాల సంగతి కూడా మర్యాదలోదే. పొయ్యి వెలిగించని రోజుల్లో వీధంతా ఒకేసారి వండి పంపుతుంది, సగం పారబోస్తారు. పన్నెండో రోజు దాటాక తొంగిచూసేవాడుండడు. ఒక కాగితం మీద వంతులు రాసుకోండి. కిలో బియ్యం ఏడెనిమిది మందికి వస్తుంది, అరకిలో కందిపప్పు పులుసైతే సరిపోతుంది. పోపు, పసుపు వాడొచ్చా లేదా అన్నది ఇంటింటికీ మారుతుంది గనక ముందే అడగండి. మొదటి మూడు రోజులకి వంతులు తగ్గించి, పెద్దకర్మ అయ్యాక రెండు నెలలపాటు వారానికి రెండు రోజులు వేసుకోండి. అసలు ఆకలి అప్పుడు మొదలవుతుంది.

"ఏమైనా కావాలంటే చెప్పండి" అనకండి, ఎవరూ చెప్పరు. "రేపు ఆరింటికి రెండు బిందెల నీళ్ళు నేను తెస్తాను, సరేనా?" అనండి. అవుననో కాదనో అనడం తేలిక. ఇక "కలుపు" అన్న మాట కింద కాగితాల పని ఉంది. మరణాన్ని అది జరిగిన ఊళ్ళోనే, అంటే సూరత్‌లోనే, 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. పనిలో పోయినవాడి కుటుంబానికి చట్టం కింద పరిహారం పొందే హక్కుంది, దరఖాస్తుకి గడువు రెండేళ్ళు. ఈ రెండు తేదీలూ ఇంటి మగవాళ్ళలో ఒకరికి కాగితం మీద రాసి ఇవ్వండి. నోటితో చెప్తే ఆ రోజుల్లో ఏదీ బుర్రకెక్కదు.

ఒక హెచ్చరిక. ఎవరో ఒకరు "నిద్రపడుతుంది, సగం మాత్ర వేసుకో" అని తెస్తారు. ఇలాంటి దెబ్బ తగిలిన మొదటి నెలలో ఆ లక్షణాలకి డయాజిపాం జాతి మాత్రలు వాడొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన సలహా. డాక్టరు చూసి రాస్తే వేరు. చుట్టాల హ్యాండ్‌బ్యాగులోంచి వచ్చిన మాత్ర వద్దు.

"జరిగింది మర్చిపో" అనడం మంచిదేనా? — విద్యార్థి, ఛత్రపురం

కాదు. మర్చిపోవడం చేతిలో ఉన్న పనైతే ఆ మనిషి ఎప్పుడో చేసేవాడు. "ఇవాళ దాని గురించి మాట్లాడుకోవాలనుందా, వేరే ఏదైనా చెప్పుకుందామా?" అని అడగండి. రెండో దారి ఎంచుకుంటే నిజంగానే క్రికెట్ మాట్లాడండి, మధ్యలో మళ్ళీ అటు లాగకుండా.

ఏడో తరగతిలో ఒక అబ్బాయి. తిత్లీ తుపాను నాటికి ఐదేళ్ళవాడు, కొండకింద ఊళ్ళో ఇల్లు పోయింది. గాలి గట్టిగా వీచి బడి వరండా రేకులు చప్పుడు చేస్తే బల్లకింద దూరిపోతాడు. మిగతా పిల్లలు నవ్వుతారు. నేను తెలుగు, వాడూ తెలుగే, బడి ఒడియా. ఎలా చూసుకోవాలి? — ఉపాధ్యాయిని, పర్లాకిమిడి

మన జిల్లాలకి అక్టోబరు రెండో వారం మామూలు వారం కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ వానకి గజపతి కొండల్లో చరియలు విరిగిపడ్డాయి. ఆ వారంలో మబ్బు పట్టినా కడుపులో తిప్పే పెద్దవాళ్ళే ఉన్నారు, ఐదేళ్ళ పిల్లాడి మాట చెప్పేదేముంది.

మెదడులో అమిగ్డాలా అని బాదంగింజంత భాగముంది. ప్రమాదం అనిపిస్తే ఆలోచన అందుకునేలోపే గుండెకీ కాళ్ళకీ కబురు పంపేస్తుంది. ఆనాటి రేకు చప్పుడూ ఈనాటి రేకు చప్పుడూ దానికి ఒకటే. వాడు బల్లకింద దూరాలని అనుకుని దూరట్లేదు. దాని మీద నవ్వు పడితే భయానికి సిగ్గు తోడవుతుంది. భయం కొన్నాళ్ళకి సడలవచ్చు గానీ సిగ్గు బడి మాన్పిస్తుంది.

పిల్లాడితో, వాళ్ళమ్మతో విడిగా, తెలుగులో మాట్లాడండి. ఏం జరిగిందని కాదు. "ఏ చప్పుళ్ళు ఇబ్బంది పెడతాయి? అప్పుడు నేనేం చేస్తే బాగుంటుంది? ఏం చెయ్యకూడదు?" ఈ మూడే అడగండి. చాలామంది పిల్లలు సూటిగా చెప్తారు: "భుజం మీద చెయ్యి వెయ్యొద్దు టీచర్." అది రాసి పెట్టుకోండి.

వాణ్ణి గోడకి వీపు ఆనేలా, తలుపు కనిపించేలా కూర్చోబెట్టండి. కిటికీ పక్కన వద్దు. వెనకనుంచి వచ్చి పుస్తకం లాక్కోవడం, బల్ల మీద స్కేలుతో కొట్టి నిశ్శబ్దం తెప్పించడం ఆ తరగతిలో మానెయ్యండి. అవి మానేస్తే మిగతా నలభైమందికీ నష్టమేమీ లేదు. జనరేటరు వేసే ముందు, సైరన్ మాక్‌డ్రిల్ ముందు, పక్క ఊరేగింపులో డప్పు మొదలయ్యే ముందు "ఇంకో ఐదు నిమిషాల్లో పెద్ద చప్పుడు వస్తుంది, రెండు నిమిషాలు ఉంటుంది" అని తరగతికంతా చెప్పండి. ముందు తెలిసిన చప్పుడు సగం చప్పుడే.

వణుకు మొదలైతే రెండడుగుల దూరంలో, వాడి ఎత్తుకి దిగి, గొంతు తగ్గించి వాడి పేరు పెట్టి పిలవండి. "ఇది బడి. ఇవాళ మంగళవారం. గాలి వీస్తోంది, రేకు చప్పుడు చేస్తోంది. నేనిక్కడే ఉన్నాను." పాదాలు రెండూ నేలకి గట్టిగా ఆనించమనండి. చేతికి నీళ్ళ సీసా ఇవ్వండి, చల్లదనం తెలుస్తుంది. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలాలి. వదిలేది పొడుగ్గా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. పది ఊపిర్లు అంటే నిమిషంన్నర పైచిలుకు. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు "కళ్ళు మూసుకో నాన్నా" అనడం. కళ్ళు మూస్తే బడి మాయమై ఆ రాత్రే కనిపిస్తుంది. కళ్ళు తెరిపించే ఉంచి, గదిలో ఆకుపచ్చవి ఐదు చూపించమనండి. ఈ ఊపిరి లెక్క భయం లేని రోజున, ఆటలా రెండుమూడుసార్లు అలవాటు చేసి ఉంచాలి. గాలి మొదలయ్యాక కొత్తగా నేర్పితే పట్టుబడదు.

ఇక నవ్వే పిల్లలు. వాణ్ణి నిలబెట్టి "పాపం, వీడి ఇల్లు పోయింది" అని ఉపన్యాసం ఇస్తే వాడి కొంప రెండోసారి కూలినట్టే. పేరెత్తకుండా ఒక నియమం పెట్టండి: ఈ తరగతిలో ఎవరైనా ఉలిక్కిపడితే మనం నవ్వం, పక్కనున్నవాళ్ళు నీళ్ళిస్తారు. బల్లి పడి ఉలిక్కిపడ్డ మీకూ అదే వర్తిస్తుందని చెప్పండి, ఒప్పుకుంటారు.

"ఇంక తుపాను రాదులే" అని మాత్రం మాటివ్వకండి. వస్తుంది. వచ్చిన రోజు తుపానుతోపాటు మీ మాటా పోతుంది. "రావడానికి రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది, మనం వెళ్ళే షెల్టరు ఇదీ" అని దారి నడిపించి చూపించండి. ఏడేళ్ళయినా ఇలాగే ఉందంటే నిపుణులకి చూపించడం అవసరం. ఆ ముక్క తల్లికి నలుగురి ముందు కాకుండా చెప్పండి.

2023 అక్టోబరు 29న కంటకాపల్లి దగ్గర గుద్దుకున్న రెండు ప్యాసింజర్లలో విశాఖ–రాయగడ బండిలో మావారున్నారు. ఒంటికి పెద్ద దెబ్బలేం లేవు. అప్పట్నుంచి రైలెక్కరు, పట్టాలు దాటాలన్నా చుట్టు తిరిగి వెళ్తారు. పండగకి పిలిచినప్పుడల్లా మా నాన్న "మగాడివేనా అల్లుడూ" అంటున్నారు. రహస్యంగా టికెట్లు తీసి స్టేషన్‌కి తీసుకెళ్దామని అన్నయ్య అంటున్నాడు. — రాయగడ

అన్నయ్య ఆలోచన ఇవాళే ఆపండి. అలాంటి ప్రమాదం మనిషికి నేర్పేదొకటే: ఏ క్షణాన ఏం వచ్చి మీద పడుతుందో తెలియదు. చెప్పాపెట్టకుండా స్టేషన్‌కి తీసుకెళ్తే మీరూ అదే పాఠం చెప్పినట్టు. ఇకమీద రైలుతోపాటు మిమ్మల్నీ నమ్మరు.

దీన్ని పిరికితనం అనరు. రైలు మానిన ప్రతిసారీ "హమ్మయ్య" అనిపిస్తుంది, ఆ హమ్మయ్యే భయానికి మేత. నెల దాటినా పీడకలలు, ఆ చోట్లకి దూరంగా తిరగడం, చీటికిమాటికి ఉలికిపాటు తగ్గకపోతే వైద్యం అవసరమైన స్థితి. దీనికి మాటలతో చేసే ప్రత్యేక చికిత్సలున్నాయి, బాగా పనిచేస్తాయి. జిల్లా ఆసుపత్రి మానసిక విభాగంలో గానీ, బరంపురం ఎంకేసీజీ, కొరాపుట్ ఎస్సెల్లెన్ వైద్య కళాశాలల్లో గానీ అడగండి. ముందు ఫోన్లో మాట్లాడతానంటే టెలిమానస్ 14416 ఉంది. ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు.

చికిత్సలో భాగంగా సాధారణంగా మెట్లు వేస్తారు. ఆ మెట్లు ఆయన రాసుకోవాలి, మీరు కాదు. స్టేషన్ రోడ్డు మీద టీ. తర్వాత ప్లాట్‌ఫాం టికెట్టుతో బెంచీ మీద కూర్చోవడం. టికెట్టు రెండు గంటలు చెల్లుతుంది గనక తొందరలేదు. ఆ తర్వాత బండి వచ్చి వెళ్ళేదాకా నిలబడడం. చివరికి పక్క స్టేషన్ సింగపూర్ రోడ్ వరకు ఒక్క ప్రయాణం, వెనక్కి బస్సులో. ప్రతి మెట్టు దగ్గరా భయానికి పదికి ఎన్ని మార్కులో ఆయనే వేస్తారు. ఏడుకి ఎక్కితే సగానికి దిగేదాకా అక్కడే ఉండాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: భయం కొసకి చేరినప్పుడు లేచి వచ్చేస్తారు, ఒళ్ళు "పారిపోయి బతికాను" అని రాసుకుంటుంది, మర్నాడు ఆ మెట్టు ఇంకా ఎత్తవుతుంది. ఒక మెట్టు మూడు నాలుగుసార్లు చప్పగా అనిపించాకే పైకి. పక్కనున్నవాళ్ళు "ఏం కాదు, ఏం కాదు" అని జపించకుండా ఉంటే మేలు. మద్యం పుచ్చుకుని ఎక్కితే ఆ ఎక్కడం లెక్కలోకి రాదు.

నాన్నగారికి మీరే చెప్పండి. పండగకి పిలిచేటప్పుడు "బాబూ, బస్సుకి వస్తారా, కారు పంపమంటారా?" అంటే చాలు. అల్లుడికి ఇచ్చే మర్యాదే అది, కొత్తగా నేర్చుకోవాల్సిందేం లేదు. నలుగురిలో ఆ ప్రమాదం ఎత్తాలనుకుంటే ముందు ఆయన్ని అడగాలి.

మా వైపు చాలామంది ఆడవాళ్ళకి తెలుగు, కోయ తప్ప రాదు. కొట్టారనో, అంతకన్నా ఘోరం జరిగిందనో ఆసుపత్రికీ స్టేషన్‌కీ వెళ్ళినప్పుడు నన్ను మాట చెప్పమంటారు. అధికారులు ఆవిణ్ణి చూడరు, నాతోనే మాట్లాడతారు. ఆవిణ్ణి ఒడియాలో చులకనగా "తు" అంటారు. అదే కథ నాలుగు గదుల్లో చెప్పిస్తారు. — అంగన్‌వాడీ కార్యకర్త, మల్కనగిరి జిల్లా

మీ పని మాట మార్చడం ఒక్కటే కాదు, ఆ గదిలో ఆమె స్థానం నిలబెట్టడం కూడా. కుర్చీ ఆమెకి అధికారి ఎదురుగా, మీది ఆమె పక్కన కాస్త వెనక్కి వేసుకోండి. అప్పుడు అధికారి చూపు తప్పనిసరిగా ఆమె మీద పడుతుంది. ఆమె "నన్ను తోశాడు" అంటే మీరూ "నన్ను తోశాడు" అనే చెప్పండి, "ఈవిణ్ణి తోశాడట" అని కాదు. ఆ "అట"తో మాట మీద అనుమానం వాలుతుంది. రెండు మూడు వాక్యాలకోసారి ఆపించండి. మీకు అర్థం కానిది ఊహించి పూరించకుండా మళ్ళీ అడగండి. ఆమె పిల్లల చేత, అత్తవారి మనుషుల చేత మాట చెప్పించొద్దు.

ఎదుటివాళ్ళని పిలవడానికి ఒడియాలో తు, తుమే, ఆపణ అని మూడున్నాయి, చివరిది మర్యాద రూపం. మీరు ఒడియాలో ఆమె గురించి చెప్పేటప్పుడు మర్యాద రూపమే వాడండి. అధికారి "తు" అన్నా తెలుగులోకి "మీరు" అనే తేండి. దీన్ని అబద్ధం అనుకోనక్కర్లేదు. రెండు మూడు మాటలకి చాలామంది అధికారులు మీ దారికి వస్తారు. రానివారి సంగతి వేరు. వాళ్ళకి చట్టం గుర్తుచెయ్యడమే.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం లైంగిక నేరాల ఫిర్యాదు ఆడవాళ్ళిస్తే మహిళా అధికారి రాసుకోవాలి. ఘటన వేరే స్టేషన్ పరిధిలో జరిగినా తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి (173వ సెక్షన్). సాక్ష్యం కోసం ఆడవాళ్ళని స్టేషన్‌కి రప్పించకూడదు, వాళ్ళుండే చోటికే రావాలి (179వ సెక్షన్). అత్యాచార బాధితురాలి పేరు, గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడం నేరం (భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్). ఆ పేరు వరండాలో గట్టిగా పిలిచే అలవాటుంటే అక్కడే ఆపమనండి. సాయానికి మహిళా హెల్ప్‌లైన్ 181.

కథ నాలుగుసార్లు చెప్పించడం తగ్గించాలంటే మొదటిసారి చెప్పినప్పుడే తేదీ, వేళ, చోటు, ఎవరు అన్నవి ఆమె అనుమతితో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాతి గదిలో ఆ ముక్కలకి కాగితం చూపించవచ్చు, మిగిలింది మాత్రమే ఆమె చెప్తుంది. వైద్య పరీక్షలో ముట్టుకునే ముందు ప్రతిసారీ ఏం చెయ్యబోతున్నారో చెప్పించండి, "ఆపండి" అంటే ఆపుతారని ఆమెకి ముందే తెలియాలి. వాంగ్మూలం ముక్కలుగా, వెనకాముందుగా వస్తే అబద్ధమనుకునేవాళ్ళుంటారు. భయంలో పట్టిన జ్ఞాపకం అలాగే ఉంటుంది, మీరు దాన్ని వరసలో పెట్టి "బాగుచెయ్యొద్దు". పని అయ్యాక మీరూ ఎవరితోనైనా, పేర్లు లేకుండా, మాట్లాడుకోవాలి. వినేవాళ్ళకీ అది అంటుకుంటుంది.

నాకు 22 ఏళ్ళు. పదకొండేళ్ళప్పుడు దగ్గరి బంధువు ఒకాయన నాతో చేసింది ఇంట్లో చెప్పాను. "బయటికి పొక్కితే పరువు పోతుంది" అన్నారు. ఇప్పుడు అక్క పెళ్ళి. ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టకపోతే నలుగురూ ఏమనుకుంటారు, మర్యాద తెలియదా అని అమ్మ రోజూ గొడవ. — గుణుపురం

పెట్టనక్కర్లేదు.

మర్యాద అంటే ఎదుటివాడి ఒంటికీ మనసుకీ గౌరవమివ్వడం. పదకొండేళ్ళ పిల్ల దగ్గర దాన్ని కాలరాసిన మనిషి ఇప్పుడు అదే మాట పేరు చెప్పి దణ్ణం అందుకోవడం కుదరదు. మీ అమ్మగారు అడుగుతున్నది నలుగురి కళ్ళ కోసం మీ నోరు మూసుకోమని. బహుశా ఆవిడకీ భయమే. భయమన్నంత మాత్రాన అది ధర్మమైపోదు.

పెళ్ళికి వెళ్ళాలా వద్దా అన్నది మీ ఇష్టం. అక్క కోసం వెళ్తానంటే ఏర్పాట్లతో వెళ్ళండి. నమ్మకమైన స్నేహితురాలో, కజినో ఒకరు రోజంతా మీతో ఉండాలి, వాళ్ళకి విషయం పూర్తిగా చెప్పక్కర్లేదు. "నాకు తలనొప్పిగా ఉంది" అన్నామంటే అక్కణ్ణుంచి తప్పించాలని ఇద్దరూ ఒక మాట అనుకోండి. ఆయన ఏ వేళకి వస్తారో తెలుసుకుని ఆశీర్వచనాల వరసలో ఆ సమయానికి అక్క చీర పనో, విడిది పనో పెట్టుకోండి. ఎదురుపడితే దూరం నుంచి చేతులు జోడించడమో, చూడనట్టు సాగిపోవడమో, ఏదైనా తప్పు లేదు. ఫొటోలో పక్కన నిలబడక్కర్లేదు. రాత్రి పడక వేరే ఇంట్లో ఉండాలి. తిరిగొచ్చే బండి ముందే మాట్లాడుకోండి. అమ్మతో పెళ్ళికి పది రోజుల ముందు ఒక్కసారి, నిలబడి, చిన్నగా: "అమ్మా, నేను వస్తాను. ఆయనకి దణ్ణం పెట్టను. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నువ్వు చూసుకో." కారణాలు మళ్ళీ వివరించవద్దు. వివరిస్తే బేరం మొదలవుతుంది.

ఇంకో మాట తప్పదు. ఆ ఇంట్లోగానీ చుట్టుపక్కలగానీ ఇప్పుడు చిన్నపిల్లలుంటే, వాళ్ళకి ప్రమాదముందని తెలిసి ఊరుకోవడం పిల్లలపై లైంగిక నేరాల చట్టం, అంటే పోక్సో, 19వ సెక్షన్ ఒప్పుకోదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి. మీ విషయంలో ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం మీరు తీసుకోవాలి. ఏళ్ళు గడిచాయని ఆ తలుపు మూసుకుపోదు, మూడేళ్ళకు మించి శిక్ష పడే నేరాలకి కాలపరిమితి లేదు. చచ్చిపోవాలనిపించే రాత్రి వస్తే తెల్లారేదాకా ఆగకుండా 14416కి ఫోన్ చెయ్యండి.

ఈ ఉత్తరం చదివే అమ్మలకి: పిల్ల చెప్పినప్పుడు మొదటి మాట "నమ్ముతున్నాను", రెండోది "నీ తప్పు లేదు". మూడో మాటకి ఇంకా టైముంది.

నాన్న పోయి వారమైంది. పదో రోజు అమ్మ గాజులు పగలగొట్టాలని పెద్దవాళ్ళు పట్టుబడుతున్నారు. — కాశీనగరం

అమ్మని అడిగారా? విడిగా, తలుపు వేసి, మీరొక్కరే అడగండి. తీయనంటే తీయకపోవచ్చు, తనే తీసి పెట్టెలో దాచుకుంటానంటే అదీ సరే. చెయ్యాల్సిందేనంటే లోపలి గదిలో, ఆమె కోరిన ఒకరిద్దరి మధ్య, ఏం జరుగుతుందో ముందే చెప్పి చెయ్యండి. జనం మధ్య నలుగురు పట్టుకుని పగలగొట్టడం ఆమెకి భర్త చావు పక్కన ఇంకో గాయంగా మిగిలిపోతుంది. పెద్దలతో తగువు పదో రోజు పొద్దున్న పెట్టుకుంటే ఓడిపోతారు. మూడు రోజుల ముందే పురోహితుడితో, పెదనాన్నతో విడివిడిగా మాట్లాడండి.

స్నేహితురాలి భర్త పోయి నాలుగు నెలలు. మెసేజీలు పెడితే చూస్తుంది, జవాబివ్వదు. నేను ఆపేయాలా? పొద్దున్నే శుభోదయం బొమ్మలు కూడా పంపుతున్నాను. — బరంపురం

బొమ్మలు ఆపేయండి, మెసేజీలు ఆపొద్దు. పువ్వుల మీద "ఈ రోజు మీకు ఆనందాల పంట" అని చదవడం ఆమెకి ఎలా ఉంటుందో ఊహించండి. వారానికోటి, ఒకే రోజు, పొట్టిగా పంపండి. ప్రశ్న గుర్తు లేకుండా ఉంటే మరీ మంచిది. అప్పుడు జవాబు బాకీ ఉన్నట్టు అనిపించదు. ఆయన పేరు రాయడానికి జంకొద్దు. నాలుగు నెలలయ్యేసరికి అందరూ ఆ పేరెత్తడం మానేస్తారు, ఆమెకి అదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఇలా రాయవచ్చు, "మీ ఆయన" అన్నచోట ఆయన పేరు పెట్టి: "ఇవాళ మీ ఆయన ఇష్టపడే పనసపొట్టు కూర వండాను, గుర్తొచ్చారు. జవాబు రాయక్కర్లేదు. శనివారం పదింటికి కరెంటు బిల్లు కట్టడానికి వెళ్తున్నాను, మీ వీధి మీంచే. గేటు దగ్గర రెండు నిమిషాలు ఆగుతాను, రావాలనిపిస్తే రా. లేకపోతే వచ్చే శనివారం."

శనివారం పదింటికి వెళ్ళి నిజంగానే ఆగండి. తలుపు తీయకపోతే గంట కొట్టకండి, బిల్లు కట్టుకుని రండి.